బస్‌స్టాప్‌కి మూడు నిమిషాలు

ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. అసలు పేరు ఏ ఇంటి పన్ను రసీదు మీదా కనిపించదు, ఎందుకంటే ఆయనకి ఇల్లు లేదు. వృత్తి మాత్రం ఇళ్ళ బ్రోకరు. నడుముకి వేలాడే గుత్తిలో ఎప్పుడు చూసినా పాతిక తాళంచెవులకి తక్కువుండవు. ఆయన వీధి మొదట్లో అడుగు పెడితే ఆ చప్పుడుకి వీధి చివర పడుకున్న కుక్క లేచి పక్కకి జరుగుతుంది.

పందొమ్మిదేళ్ళుగా ఊరి శివార్లలో వెలిసిన ప్రతి కాలనీలోనూ ఆయన చేతి మీదుగా ఇళ్ళు చేతులు మారాయి. తను మాత్రం ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకుంటాడు. ఆ వంటగది కిటికీ తీస్తే ఎదురుగా పక్కింటి గోడ. చెయ్యి చాపితే సున్నం అంటుతుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడిందని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

ఇన్ని ఇళ్ళు చూపించిన మనిషికి మనసు మాత్రం ఒక్క ఇంటి మీదే. శివారు కాలనీలో ఆఖరి వీధి, ఆ వీధిలో ఆఖరి మూల ఇల్లు. ముందు చిన్న వరండా, హాలు, రెండు పడగ్గదులు, వంటిల్లు, వెనక నాలుగు గజాల పెరడు, పెరట్లో ఒక నిమ్మచెట్టు. అంతే. అలాంటివి ఆ కాలనీలోనే నలభై ఉన్నాయి. కానీ మనసు పడ్డాక ఇంకేం చెప్తాం!

ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు ఆయన్నే అడగాలి. కట్టినవాడు ఒక పోస్టాఫీసు గుమాస్తా. ఆయన భార్య పొట్టి మనిషి కాబట్టి ఆవిడ చేతికి అందాలని వంటింటి అరమరలు బాగా కిందికి పెట్టించాడు. కాస్త పొడుగున్నవాళ్ళు వంగి లేస్తే నెత్తి మీద బొప్పి ఖాయం. వెనక గది తలుపుది ఇంకో కథ. తలుపు ఏ పక్కకి తెరుచుకుంటుందని కరెంటు పనివాడు గది బయట నుంచుని అడిగితే గుమాస్తా కుడి చెయ్యి చూపించాడు. మర్నాడు వడ్రంగి గది లోపల నుంచుని అడిగితే మళ్ళీ కుడి చెయ్యే చూపించాడు. దాంతో స్విచ్చి కాస్తా తలుపు వెనక్కి పోయింది. తలుపు సగం మూసి, దాని వెనక్కి చెయ్యి పోనిచ్చి తడిమితే గానీ లైటు వెలగదు.

గుమాస్తాకి బదిలీ అయి ఇల్లు అమ్మినప్పుడు తాళాలాయనకి బ్రోకరు పనిలో అదే మొదటి బేరం. కొన్నది ఒక డ్రాయింగు మాస్టారు. బొమ్మలకి వెలుతురు చాలడం లేదని మాస్టారు వెనక గది పడమటి గోడ పగలగొట్టించి పెద్ద కిటికీ పెట్టించాడు. వెలుతురుతోపాటు సాయంత్రపు ఎండ కూడా లోపలికొచ్చి కూర్చుంది. పదకొండేళ్ళు ఆ వేడిలోనే బొమ్మలు వేసి, వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. ఆ రెండో బేరం కూడా తాళాలాయనదే. అప్పుడు కొన్నది మందుల షాపాయన.

మొదటిసారి తాళాలాయన దగ్గర సైకిలు తప్ప ఇంకేమీ లేదు. రెండోసారి చెయ్యి కాస్త ఆడుతుందనగా తల్లి ఆసుపత్రి పాలైంది. రెండుసార్లూ రిజిస్ట్రారు ఆఫీసులో పక్కన నుంచుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, వాళ్ళు ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. లోపల కడుపు భగ్గుమంటుంటే పైకి నవ్వడం ఆ వృత్తిలో మొదటి పాఠం.

ఒక్క పని మాత్రం చేశాడు. గుమాస్తా ఇచ్చిన గుత్తిలో వెనక తలుపు తాళంచెవులు రెండుంటే మాస్టారికి ఒకటే ఇచ్చాడు. రెండోది మర్చిపోయి ఉంచుకున్నాడనుకుందాం. మనుషులున్నప్పుడు ఆ గుమ్మం తొక్కలేదు, ఆ మాత్రం నీతి ఉంది. ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల్లో మాత్రం మధ్యాహ్నాలు ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి, వెనక మెట్టు మీద నిమ్మచెట్టు కింద కూర్చుని తాగి, కప్పు కడిగి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ భార్యకి ఆ ఇంటి కబుర్లు చెప్పేవాడు. అరమరలు ఎంత కిందికో, స్విచ్చి ఎక్కడ దాక్కుందో, ఏ నెలలో ఎండ ఏ మెట్టు దాకా వస్తుందో అన్నీ చెప్పేవాడు. ఆవిడ ఊఁ కొడుతూ వడ్డించేది. ఒకసారి వచ్చి చూడరాదూ అని ఆయన ఏనాడూ అనలేదు. కొన్నాక తనే తలుపు తీసి చూపిద్దామని.

బ్రోకరన్నాక మాటకారితనం ఉండాలి కదా. ఆ ఇంటికి ఆయన పాఠం ఇలా సాగుతుంది: "బస్‌స్టాప్‌కి మూడు నిమిషాలండీ. బడికి ఒకటిన్నర. కూరగాయల మార్కెట్‌కి అయిదు. పార్కుకి నాలుగు. ఆసుపత్రికి ఆటోలో ఎనిమిది." అబద్ధమని ఎవరూ అనలేరు. గడియారం చేత్తో పట్టుకుని నడిచి చూసిన లెక్క అది. కాకపోతే ఆయనవి పొడుగు కాళ్ళు, నడిచింది చల్లని పొద్దున, అదీ వెనకాల కుక్క తరుముతున్నట్టు.

చూపించే వేళ కూడా ఆయనకో శాస్త్రం. ఆ ఇంటిని ఆదివారం పొద్దున పదింటికే చూపించాలి. అప్పుడు పక్కనున్న బడికి సెలవు, ఎండ తూర్పున ఉంటుంది, పెరటి గోడ వెనక రైలు పట్టాల మీద పిట్ట వాలినా వినబడుతుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం మూడూ నలభైకి గూడ్సు బండి పోతుంది, నాలుగింటికి బడి వదులుతారు. ఆ సంగతులు కొన్నవాళ్ళకి కొన్నాక ఎలాగూ తెలుస్తాయి.

ఇప్పుడు మూడోసారి. మందుల షాపాయన షాపు పక్క ఊరికి మార్చుకుని ఇల్లు ఖాళీ చేశాడు. తాళాలు తాళాలాయన చేతిలో పెట్టి, నెల లోపు మంచి బేరం తీసుకురమ్మన్నాడు. తాళాలాయన ఏం చేశాడంటారా? ఆ ఇల్లు ఎవరికీ చూపించలేదు. వచ్చినవాళ్ళందర్నీ మిగతా ముప్ఫైతొమ్మిదిళ్ళ చుట్టూ తిప్పాడు. కాలవ అవతల ఆయనకి చిన్న స్థలం ఉంది. దాన్ని ఇటుకల వ్యాపారి రెండు నెలల్లో తీసుకుంటానన్నాడు. ఆ సొమ్ముకి బ్యాంకు అప్పు కలిస్తే ఇల్లు తన చేతికొస్తుంది. ఆ రెండు నెలలు ఆ ఇల్లు అలా ఎవరి కంటా పడకుండా ఉంటే చాలు. భార్యకి కూడా చెప్పలేదు. జన్మలో మొదటిసారి తన కోసం బేరం చేసుకుంటున్నాడు, అది పైకంటే ఎక్కడ చెడిపోతుందోనని భయం.

నెల గడిచినా ఒక్కరూ రాలేదని మందుల షాపాయనకి ఒళ్ళు మండి, తనే వచ్చి గేటుకి 'అమ్మబడును' అని బోర్డు కట్టిపోయాడు. ఆ బోర్డు ఊళ్ళో ఇంతమంది ఉండగా ఎవరి కంట పడాలి? మరదలి కంట పడింది.

"బావగారూ," అంది ఫోనులో, "ఆ కాలనీకి పని మీదొచ్చి బోర్డు చూశాను. ఆఖరి వీధిలో మూల ఇల్లు. తాళాలు మీ దగ్గరే ఉంటాయటగా. మేం చూడాలి."

మరదలంటే భార్య చెల్లెలు. ఆమె మొగుడు తాళాలాయనకి తోడల్లుడు. ఆ తోడల్లుడి మాటెత్తితే చాలు తాళాలాయన కళ్ళలో ఎవరో నిప్పులు పోసినట్టే ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళే, ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములే వాడి. మామగారు పోతూ పోతూ చేతి గడియారం చిన్నల్లుడికిచ్చాడు. తాళాలాయన సైకిలు తొక్కుతున్న రోజుల్లోనే వాడు స్కూటరు కొన్నాడు. తాళాలాయన స్కూటరు కొనే వేళకి వాడు కారెక్కాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు, కానీ వాడి జుట్టు ఇంకా నల్లగానే ఉంది, రంగు కూడా వెయ్యడు. పోనీ పొగరుంటే తిట్టుకోడానికైనా వీలుండేది, అదీ లేదు. "అన్నయ్యా" అంటూ వచ్చి భుజం మీద చెయ్యేస్తాడు. బట్టల మిల్లులో ముప్ఫయ్యేళ్ళు మగ్గాల మధ్య పనిచేసి మొన్ననే ముందస్తు రిటైర్మెంటు తీసుకున్నాడు, దాంతో పెద్ద మొత్తమే చేతికొచ్చింది. రొట్టె విరిగి నేతిలో పడిందంటే అదే.

ఊళ్ళో ఎవరు కొన్నా ఓర్చుకునేవాడేమో. రెండుసార్లు ఓర్చుకున్నాడు కూడా. వీడు కొంటే మాత్రం ఎలా ఓర్చుకోవడం? పండగకీ పబ్బానికీ ఆ గుమ్మంలోకి చుట్టంలా వెళ్ళి, ఆ నిమ్మచెట్టు కింద వాడు వేసిన కుర్చీలో కూర్చుని, వాడిచ్చిన టీ తాగి, ఇల్లు బాగుంది తమ్ముడూ అనాలి.

అప్పుడు తట్టింది ఉపాయం. పందొమ్మిదేళ్ళుగా ఆ ఇంటిని ఎలా చూపించాడో సరిగ్గా దానికి తిరగేసి చూపిస్తే సరి. "మంగళవారం మూడున్నరకి రండి," అన్నాడు.

మంగళవారం ఎండ మండిపోతోంది. దంపతులిద్దరూ వచ్చారు. తాళాలాయన వాళ్ళని తిన్నగా వెనక గదిలోకి తీసుకెళ్ళి, పడమటి కిటికీ రెక్కలు బార్లా తెరిచాడు. ఎండ మొహాన కొట్టింది.

"చూశావుగా తమ్ముడూ, కుంపటే. సాయంత్రం ఆరు దాకా ఈ గదిలో మనిషి నిలవలేడు. నా మనిషివి కాబట్టి చెప్తున్నాను."

మరదలు కిటికీ దగ్గరికెళ్ళి చీర కొంగు ఎండలోకి పట్టి చూసింది. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి ఆమె. "అబ్బ, ఎంత వెలుతురండీ. అక్కడ పట్టపగలు లైటేసుకున్నా సూదిలో దారం ఎక్కదు. మిషను ఇక్కడ వేసుకుంటాను," అంది.

తాళాలాయన వంటింట్లోకి తీసుకెళ్ళి అరమరలు చూపించి, నెత్తి పగులుతుందన్నాడు. అన్నాడు గానీ, పక్కన నుంచున్న మరదల్ని చూసుకోలేదు. ఆమె అక్కలా పొడుగరి కాదు, గుమాస్తా భార్య కొలతే. పై అరలో చెయ్యి పెట్టి మురిసిపోయింది. "మా ఇంట్లో డబ్బా దింపాలంటే స్టూలెక్కాలి బావగారూ."

ఇంతలో మూడూ నలభై అయింది. గూడ్సు బండి వచ్చింది. ఎప్పుడూ ముప్ఫై పెట్టెలు లాగేది ఆ రోజు యాభైకి తక్కువ లాగలేదు. కిటికీ ఊచలు వణికాయి, అరమర తలుపులు టకటకలాడాయి. బండి పోయాక తాళాలాయన విజయగర్వంతో తోడల్లుడి మొహం చూశాడు. "రోజూ ఇదే సంబడం. పొద్దున ఇంకోటి ఉంది."

తోడల్లుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటన్నయ్యా?" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు మగ్గాల చప్పుడులో పనిచేసినవాడికి చెవులు సగం పోయాయి. ఆ సంగతి తెలిసి కూడా తాళాలాయన లెక్కలోకి తీసుకోలేదు. అసూయ పడేవాడికి ఎదుటివాడి కార్లూ గడియారాలూ కనిపిస్తాయి గానీ చెవుడు ఎందుకు కనిపిస్తుంది? మరదలు మొగుడి చెవి దగ్గర గట్టిగా చెప్పింది. ఆయన నవ్వాడు.

"రైలా? మంచిదే. మిల్లు మానేశాక ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టక చస్తున్నాను. నేల అదురుతుంటే హాయిగా ఉంది."

నాలుగింటికి బడి వదిలారు. పిల్లలు గోడ మీదుగా కేకలు పెడుతూ పోతుంటే ఆ మొగుడూ పెళ్ళాలు వరండాలో నుంచుని నవ్వుతూ చూశారు. తాళాలాయనకి పిచ్చెత్తింది. ఇక దాచుకోడానికేముంది? వానాకాలం ఉత్తరపు గోడకి చెమ్మెక్కుతుందన్నాడు. పెరటి కాలువ జాలీలో నిమ్మాకులు అడ్డుపడితే నీళ్ళు వెనక్కి తంతాయన్నాడు. స్నానాలగది తలుపు తడికి ఉబ్బి బిగుసుకుంటుందనీ, కొళాయిని సగం తిప్పి ఆపితేనే కారదనీ, స్విచ్చి తలుపు వెనక ఉందనీ చెప్పాడు. పందొమ్మిదేళ్ళలో ఏ కస్టమరుకీ చెప్పనివన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు.

మరదలు ఆయన్ని విచిత్రంగా చూసింది. "మీరీ ఇంట్లో కాపురం చేసినట్టే చెప్తున్నారు బావగారూ."

"తాళాలు చూసుకుంటుంటాం కదమ్మా, తెలుస్తాయి," అన్నాడు.

తోడల్లుడు భుజం మీద చెయ్యేశాడు. "ఇప్పటికి ముగ్గురు బ్రోకర్లు ఇళ్ళు చూపించారన్నయ్యా. ఒక్కడూ ఒక్క లోపం చెప్పలేదు. అందుకే ఒక్కటీ కొనబుద్ధి కాలేదు. నువ్వు సొంత మనిషివి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పావు. ఇంతకంటే ఏం కావాలి?"

పందొమ్మిదేళ్ళుగా లోపాలు దాచి ఇళ్ళు అమ్మిన తాళాలాయన ఒక్క ఇల్లు చెడగొడదామని నిజం చెబితే అది కాస్తా అమ్ముడుపోయింది.

తోడల్లుడు వెంటనే ఇంకో మాటన్నాడు, ఈసారి కొంచెం మొహమాటంగా. "ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. నీకీ ఇంటి మీద ఏమైనా ఆశ ఉందా? మా ఆవిడకి అనుమానం. ఉంటే చెప్పు, మేం తప్పుకుంటాం. మాకు ఇదే ఇల్లు కావాలని ఏముంది."

ఇదిగో, ఇక్కడుంది కథంతా. 'ఉంది తమ్ముడూ, అయిదు వారాలు ఆగు' అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ చెయ్యి ఇంకా తన భుజం మీదే ఉంది, ఆ చేతికి మామగారి గడియారం ఉంది. వీడు దయతో వదిలేసిన ఇంట్లో తనుండాలా? జీవితాంతం 'తోడల్లుడు తప్పుకున్నాడు కాబట్టి' అనిపించుకోవాలా? అడుక్కుని తెచ్చుకున్నట్టుండదూ?

"ఈ కొంప నాకెందుకు?" అన్నాడు తాళాలాయన, నవ్వుతూ, పళ్ళన్నీ కనబడేలా. "కాలవ అవతల స్థలం ఉందిగా. అక్కడ మేడ కడతాను."

"చూశావా, నేను చెప్పలా," అన్నాడు తోడల్లుడు భార్యతో, మనసు తేలికపడి. ఆమె మాత్రం తాళాలాయన వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసి ఊరుకుంది.

మూడు వారాల్లో రిజిస్ట్రేషను అయిపోయింది. సంతకాలు ఎక్కడ పెట్టాలో తాళాలాయనే వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాత వారమే ఇటుకల వ్యాపారి వచ్చి స్థలానికి డబ్బు ఇచ్చి పోయాడు. ఆ నోట్లు చూసి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. కడుపుమంటకి మందు ఏ షాపులోనూ దొరకదు. ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. భార్య అన్నం పెట్టింది, ఆయన తిన్నాడు. ఇంటి కబుర్లు మాత్రం ఆగిపోయాయి.

సామాను దింపే రోజు సాయం రమ్మని చెల్లెలు కబురు పెడితే భార్య వాళ్ళ కారులోనే బయల్దేరింది. ఆ ఇంటి గుమ్మం ఆవిడ తొక్కడం అదే మొదలు. తాళాలాయన ముందు వరండాలో తోడల్లుడికి నీళ్ళ వాల్వు ఎలా తిప్పాలో చూపిస్తున్నాడు. వెనక గదిలో బీరువా అడ్డంగా పెట్టేసరికి కిటికీ మూసుకుపోయి చీకటైంది. మరదలు గోడంతా తడుముతోంది.

"బావగారూ, స్విచ్చి ఎక్కడుందన్నారు? ఒకసారి రండి."

ఆయన వెళ్ళేలోపే భార్య బట్టల మూటతో ఆ గదిలోకొచ్చింది. మూట కింద పెట్టకుండానే మోచేత్తో తలుపు సగం మూసి, వెనక్కి చెయ్యి పోనిచ్చింది. తడుముకోలేదు, వెతకలేదు. లైటు వెలిగింది.

మరదలు తెల్లబోయింది. "ఇదివరకు వచ్చావా అక్కా?"

"లేదే. ఇదే రావడం."

ఆవిడ వంటింట్లోకి నడిచింది. అరమరల దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, తల వంచింది. వెనక తలుపు తీసి మెట్టు మీద నుంచుంది. "చెట్టు బాగా పెద్దదే," అంది గుమ్మంలో నుంచున్న మొగుడితో. "మీరు చెప్తుంటే చిన్నదనుకున్నాను."

తాళాలాయనకి అప్పటిదాకా తోడల్లుడి మీద ఉన్న మంట ఒక్కసారిగా ఎటు పోవాలో తెలియక తన మీదకే తిరిగింది.

సామాను సర్దడం అయ్యాక అందరూ టీ తాగారు, ఆ చెట్టు కిందే, తోడల్లుడు వేసిన కుర్చీల్లోనే. వెళ్ళబోతూ భార్య మొగుడి వైపు చెయ్యి చాపింది. "మీ గుత్తిలో ఈ వెనక తలుపు తాళంచెవి ఒకటుంది. ఇచ్చేయండి."

ఆవిడకి ఎలా తెలుసో ఆయన అడగలేదు. గుత్తిలోంచి దాన్ని తీయడానికి చాలాసేపు పట్టింది. పందొమ్మిదేళ్ళుగా తీయని రింగు, గోరు విరిగింది.

"ఉంచుకోండి బావగారూ," అంది మరదలు. "మేం ఊరెళ్ళినప్పుడు చూసుకోడానికి ఉంటుంది."

"వద్దులే," అంది అక్క, తాళంచెవి చెల్లెలి చేతిలో పెట్టి. "పరాయి ఇంటి తాళంచెవి మాకెందుకు."

తాళాలాయన స్కూటరు మరమ్మతులో ఉంది. కారులో దింపుతానని తోడల్లుడు ఎంత చెప్పినా ఆవిడ వినలేదు, బస్సులోనే వెళ్తామంది. ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. బడి దాటేసరికి ఆయాసం వచ్చింది. కల్వర్టు గోడ మీద కాసేపు కూర్చుంది. ఆయన పక్కనే నుంచున్నాడు. ఎంతకీ బస్‌స్టాప్ రాలేదు.

"మూడు నిమిషాలన్నారు నాతో," అంది ఆవిడ.

"అది కస్టమర్లకి చెప్పే లెక్కే," అన్నాడాయన తల వంచుకుని.

"నేనూ కస్టమర్నేగా," అంది ఆవిడ మోకాలు రాసుకుంటూ. "పందొమ్మిదేళ్ళ నుంచీ చూపిస్తూనే ఉన్నారు."

చెయ్యి పట్టుకుని ఆయన ఆవిడని లేపాడు. నెమ్మదిగా, ఆవిడ అడుగులోనే అడుగు వేస్తూ నడిచాడు. స్టాపుకి చేరేసరికి పన్నెండు నిమిషాలు పట్టింది.